ఏ దేశం నుంచి ఎంత వస్తోంది?

ప్రశ్న: విదేశాల్లోని మనవాళ్లు పంపే డబ్బును దేశాలవారీగా ఎలా లెక్కకడతారు?
– ఓ పాఠకుడు, జగిత్యాల

జవాబు: దేశానికి మొత్తం ఎంత వచ్చిందో రిజర్వ్ బ్యాంక్ చెల్లింపుల ఖాతాలో (విదేశాలతో జరిగే రాకపోకల సొమ్ము లెక్క) దొరుకుతుంది. చిక్కంతా దాన్ని పంచడంలోనే. బ్యాంకు రికార్డునే నమ్ముకుంటే పొరపాటే. దుబాయ్‌లో కట్టిన సొమ్ము న్యూయార్క్ బ్యాంకు మీదుగా వస్తే అమెరికా పద్దులో పడొచ్చు.

అందుకే ప్రపంచ బ్యాంకు నిపుణులు వలసదారుల సంఖ్యకు రెండు దేశాల తలసరి ఆదాయాల తేడాను జోడించి వాటాలు తేల్చారు. ఊహకు ఒక లెక్క: మొత్తం 900 కోట్లు, గల్ఫ్‌లో 6 లక్షల మంది, అమెరికాలో 3 లక్షల మంది. తలల లెక్కన 600, 300. అమెరికాలో ఉన్నవారు తలా రెట్టింపు పంపుతారనుకుంటే 6×1, 3×2, చెరి 450. ఆ ‘రెట్టింపు’ను కాస్త కదిపినా వాటాలు తారుమారే!

బ్యాంకులతో పనిలేకుండా దళారుల చేతుల మీదుగా పంపే హుండీ (హవాలా) సొమ్ము ఇందులో ఎక్కడా కనబడదు. దళారికి కట్టిన వీసా అప్పు తీరేదాకా ఇంటికి పైసా పంపని కార్మికుడినీ ఈ సూత్రం సగటు మనిషిగానే లెక్కిస్తుంది. బ్యాంకులను నేరుగా అడిగే రిజర్వ్ బ్యాంక్ సర్వే కొంత నయం. 2023-24లో అమెరికా వాటా 27.7 శాతం, యూఏఈది 19.2 శాతం.