ముప్పై నాలుగేళ్ల వయసులో ఫార్మా పరిశ్రమ నుంచి బడికి మారాను

"ముప్పై మూడేళ్లు వచ్చాయి, ఎనిమిదేళ్ల అనుభవం ఉంది, ఇప్పుడు పూర్తిగా వేరే వృత్తిలోకి మారితే నిలదొక్కుకోగలనా?" అని మీరు అడిగారు. నేను 34వ ఏట మారాను, నిలదొక్కుకోవడానికి ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లూ ఎలా గడిచాయో చెబితే మీ నిర్ణయానికి పనికొస్తుందని ఈ సమాధానం రాస్తున్నాను.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత హైదరాబాద్ జీడిమెట్లలోని ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాలు తయారుచేసే) పరిశ్రమలో ప్రొడక్షన్ కెమిస్టుగా చేరి పదేళ్లు పనిచేశాను. మూడు షిఫ్టులు, రియాక్టర్ ఉష్ణోగ్రత గమనించడం, శాంపిల్ తీసి ల్యాబుకు పంపడం, ప్రతి దశనూ బ్యాచ్ రికార్డులో రాసి సంతకం చేయడం నా బాధ్యతలు. ఆ పనంటే నాకు అయిష్టమేమీ లేదు. అయితే కొత్తగా చేరిన కుర్రాళ్లకు ఈ చర్యలో వేడి ఎందుకు పుడుతుందో, ఫలానా పదార్థాన్ని ఎందుకు కొద్దికొద్దిగానే కలపాలో వివరించే ఆ అరగంటే రోజు మొత్తంలో నాకు ఎక్కువ తృప్తినిస్తోందని గుర్తించడానికి చాలా ఏళ్లు పట్టింది.

గుర్తించిన వెంటనే రాజీనామా చేయలేదు. వారాంతపు సెలవు రోజున మా కాలనీలో పదో తరగతి చదివే ఇద్దరు పిల్లలకు ఏడాదిపాటు ఫీజు తీసుకోకుండా సైన్సు చెప్పాను. మొదటి నెల నిరాశే మిగిలింది. రసాయన సమీకరణాన్ని నేను చకచకా తుల్యం చేసి చూపిస్తే ఒక అబ్బాయి అర్థమైనట్టు తలూపేవాడు. అదే సమీకరణం అతని చేతికిస్తే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవాడు. కారణం వెతకగా, మూలకం గుర్తు కింద రాసే చిన్న అంకెకూ, ఫార్ములా ముందు రాసే పెద్ద అంకెకూ తేడా అతనికి తెలియదని బయటపడింది. అది కనిపెట్టిన రోజు షిఫ్టు అలసట కూడా నాకు గుర్తు రాలేదు. బోధన నాకు నప్పుతుందని నమ్మకం కలిగింది ఆ రోజే.

తర్వాత డబ్బు లెక్క వేసుకున్నాను. మారే వారు అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడేనని నా అభిప్రాయం. మా ఆవిడ స్టాఫ్ నర్సు కావడం పెద్ద అండ. పర్సనల్ లోన్ పూర్తిగా తీర్చి, అద్దె, అమ్మానాన్నల మందులు, పాప ఫీజు కలిపి పద్దెనిమిది నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము విడిగా పెట్టిన తర్వాతే 2019లో రాజీనామా ఇచ్చాను. మీకు ఒకే సంస్థలో ఐదేళ్ల సర్వీసు దాటి ఉంటే గ్రాట్యుటీ (ఏళ్లతరబడి పనిచేసినందుకు సంస్థ ఇచ్చే సొమ్ము) సంగతి మరిచిపోకండి. నేను మానేసినప్పుడు చివరి నెల మూల వేతనాన్నీ డీఏ (కరువు భత్యం)నూ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, వచ్చిన మొత్తాన్ని సర్వీసు ఏళ్లతో గుణించేవారు. నాకు ఆ రెండూ కలిపి 20,800 రూపాయలు ఉండేవి కాబట్టి పదేళ్లకు 1,20,000 వచ్చింది. బీఈడీ ఫీజుకూ మొదటి నెలల ఖర్చుకూ ఆ సొమ్మే ఆదుకుంది.

ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) రాసి బీఈడీలో చేరాను. అది రెండేళ్ల కోర్సు, అందులో చాలా భాగం కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌లోనే గడిచింది. 2021 సెప్టెంబరులో బడులు తెరిచాక ఒక ప్రైవేటు పాఠశాలలో 14,000 రూపాయల జీతానికి చేరాను. పరిశ్రమలో వదిలేసిన జీతం 38,000. పెళ్లిళ్లకు వెళ్తే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న దాని గురించే కావడంతో కొంతకాలం వెళ్లడమే మానేశాను. 2022 జూన్‌లో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రాసి అర్హత సాధించాను. తెలంగాణలో 2023 సెప్టెంబరులో 5,089 పోస్టులకు డీఎస్సీ (ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాల) ప్రకటన వచ్చింది, పరీక్ష వాయిదా పడింది, చివరికి ఆ ప్రకటనే రద్దయింది. పాత సహోద్యోగి ఫోన్ చేసి షిఫ్ట్ ఇన్‌చార్జి పోస్టు ఖాళీగా ఉందని చెప్పిన వారమది. వెళ్లిపోదామనే అనుకున్నాను. "ఇంత దూరం వచ్చాం, ఇంకొక్క ఏడాది చూద్దామండీ" అన్న మా ఆవిడ మాట వల్ల ఆగాను.

2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో కొత్త ప్రకటన వెలువడింది; వాటిలో నేను రాసిన స్కూల్ అసిస్టెంటు (హైస్కూలు సబ్జెక్టు టీచరు) పోస్టులు 2,629. డీఎస్సీ పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ. ఆ 80లో సబ్జెక్టుకు 44, బోధనా పద్ధతులకు 16. సబ్జెక్టు చదివి తెచ్చుకున్నాను. బోధనా పద్ధతుల ప్రశ్నలకు మాత్రం ప్రైవేటు బడిలో గడిపిన మూడేళ్లే సమాధానాలు ఇచ్చాయి. తక్కువ జీతంతో వృథా అయ్యాయని బాధపడ్డ ఏళ్లవి. ఆ అక్టోబరులో నియామక పత్రం అందుకున్నాను.

పాత అనుభవం ఏమవుతుందన్నది మీ ప్రశ్నలోని అసలు భయమని నాకు అనిపించింది. పరిశ్రమలో మాకు నేర్పిన మొదటి నియమం, రాయనిది జరగనట్టే అని. ఇప్పుడు నా తరగతిలో పిల్లలు పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్లు, నిమ్మరసం వేసి, పుస్తకం తెరవకముందే తాము చూసిన రంగు రాయాలి. మొన్న చాలామంది నిమ్మరసానికి కూడా ఏదో ఒక రంగు రాశారు, ప్రయోగమంటే రంగు మారి తీరాలనుకుని. ఒక అమ్మాయి మాత్రం "మారలేదు" అని రాసి, తప్పా సార్ అని భయంగా అడిగింది. నిమ్మరసం ఆమ్లం, ఆమ్లంలో పసుపు రంగు మారదు కాబట్టి ఆమె రాసిందే సరైనది. ఆమె నోటు పుస్తకాన్ని తరగతి అంతటికీ చూపించి, మిగతా వారిచేత ప్రయోగం మళ్లీ చేయించాను.

మీరు ఏ వృత్తిలోకి మారదలచుకున్నారో రాయలేదు. ఉపాధ్యాయ వృత్తే అయితే, 2024 డీఎస్సీకి గరిష్ఠ వయసు 46 ఏళ్లు కాబట్టి మీకు సమయం ఉంది. వేరే ఏదైనా అయితే, ప్రస్తుత ఉద్యోగంలో ఉంటూనే ఆ పనిని సెలవు రోజుల్లో కనీసం ఆరు నెలలు చేసి చూడండి. రాజీనామా ఇచ్చాక రిలీవింగ్ లెటరు, సర్వీస్ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఆఫీసు చుట్టూ తిరగడానికి వెనుకాడకండి. నాకు అవి రావడానికి నాలుగు నెలలు పట్టింది.