ఒకరు బొద్దుగా, ఒకరు సన్నగా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది బెంగళూరు, మారతహళ్లి. కడుపులో కవలలు, 32 వారాలు. నిన్న స్కాన్‌లో ఒకరు 1700 గ్రాములు, ఇంకొకరు 1500 అన్నారు. చిన్నబిడ్డకు తిండి అందడం లేదా? ఎనిమిదో నెల కాన్పయితే పిల్లలు దక్కరని మా అత్తయ్య ఒకటే టెన్షన్.

జవాబు: ముందు అత్తయ్యగారి సంగతి. ఏడో నెల కంటే ఎనిమిదో నెలే నయమమ్మా, ఊపిరితిత్తులు అప్పటికి ఇంకాస్త ముదురుతాయి. నెలలు నిండకముందే నొప్పులొచ్చే సూచన ఉంటే, ఆ ఊపిరితిత్తులు త్వరగా ముదరడానికే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు.

ఇక బరువు. మీ పిల్లల మధ్య తేడా 12 శాతం లోపే, మేం గట్టిగా పట్టించుకునేది 20 దాటితే, పైగా స్కాన్ బరువు అంచనాయే కానీ కాటా మీద తూచింది కాదు. మీరు రాయని అసలు విషయం ఒకటుంది: ఇద్దరికీ తిండి అందించే మాయ (ప్లాసెంటా) ఒకటేనా, వేర్వేరా? మొదటి మూడు నెలల స్కాన్ రిపోర్టు తీసి చూడండి. ఒకటే అయితే రెండు వారాలకోసారి స్కాన్, సాధారణంగా 36 వారాలప్పుడు కాన్పు. వేర్వేరైతే, అంతా బాగుంటే, 37 దాకా ఆగొచ్చు.

కదలికలు తగ్గినా, ఉమ్మనీరు కారినా, రక్తం కనబడినా, తలనొప్పితో చూపు మసకబారినా వెంటనే బయల్దేరండి. మీ రింగ్ రోడ్డు ట్రాఫిక్ తెలిసిందేగా, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఏదో ఇప్పుడే చూసిపెట్టుకోండి.