ఎత్తబోయిన చెయ్యి

సందేహం: పక్షవాతం వచ్చిన ఒకాయన గురించి "కుడిచెయ్యి ఎత్తబోయాడు" అని రాశాను. మా మాస్టారు కొట్టేసి "కుడిచేతిని ఎత్తుటకు ప్రయత్నం చేయడం జరిగింది" అని దిద్దారు. ఏది సరైనది?
– ఫిజియోథెరపీ విద్యార్థిని, గుంటూరు

సమాధానం: ముందు ఆ 'చేయడం జరిగింది' సంగతి. జరిగేవి పెళ్లిళ్లు, జాతరలు. చెయ్యి ఎత్తడం దానంతటది జరగదమ్మా, మనిషి ఎత్తాలి. కర్తను మాయం చేశాక అది కావాలని చేసిన పనో, ఒట్టి ఈడ్పో ఎలా తెలుస్తుంది?

మీ 'ఎత్తబోయాడు' అసలు 'ఎత్తన్ + పోయాడు'. ఎత్తడానికి వెళ్లాడని మొదటి అర్థం. వెళ్లింది కాళ్లు కాదు, మనసు. అదే 'పోవు' క్త్వార్థకం ('పడి' లాంటి రూపం) పక్కన చేరితే పని పూర్తయిపోతుంది: పడిపోయాడు. 'పడబోయాడు' అంటే పడలేదు, ఎవరో పట్టుకున్నారు. ఒకే క్రియ ఒకసారి గుమ్మం దాటింది, ఒకసారి ఇవతలే నిలబడింది. పక్షవాతానికి 'చెయ్యి పడిపోయింది' అనడమూ దీని చలవే.

గుమ్మం ఇవతల మెదడు చేసే తయారీని 1965లో జర్మనీ శాస్త్రజ్ఞులు కోర్న్‌హూబర్, డేకె చూపించారు. వేలు కదలడానికి దాదాపు ఒక సెకను ముందే నడినెత్తి దగ్గర విద్యుత్తులో మార్పు మొదలవుతుంది. ఆ తర్వాతే ఆజ్ఞ వెన్నుపాములోకి దిగి కండరానికి చేరుతుంది. కదపాలన్న స్పృహ కలిగేది సుమారు 0.2 సెకన్ల ముందేననీ, ఆలోగా మానుకోవచ్చనీ 1980లలో అమెరికా శాస్త్రజ్ఞుడు లిబెట్ అన్నాడు. దానిమీద వాదాలు ఇంకా తెగలేదు. మనకు మాత్రం 'ఎత్తబోయి మానుకున్నాడు' అనే మాట ఎప్పటినుంచో ఉంది.

ఈ మానుకోవడాన్ని చూడాలంటే పోతన దగ్గరికే వెళ్లాలి. గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవి 'అడిగెదనని కడువడిఁ జను'. అడిగినా బదులు చెప్పడేమోనని అంతలోనే ఆగిపోతుంది. చివరికి 'అడుగిడు నడుగిడదు'. 'బోవు' ఒక్కసారీ రాలేదు, పద్యమంతా వెళ్లబోవడమే! పైకి చదవండి, ఆ డకారాల మధ్య మీ నాలుకా తడబడుతుంది.

అయితే 'బోవు'లో సంకల్పం ఉండి తీరాలని లేదు. 'గ్లాసు పడబోయింది' అంటాం, గ్లాసుకు మెదడెక్కడిది? కావాలనే ఎత్తాడని తేల్చాల్సినచోట 'ఎత్తాలని చూశాడు' మేలేమో. మిగతాచోట్ల నా ఓటు మీకే. 'ఎత్తబోతున్నాడు' ఉత్త భవిష్యత్తు, దాని జోలికి పోను.

ఇంతకీ ఆయన చెయ్యి లేచిందో లేదో మీరు రాయలేదు. లేచి ఉంటే మీ వాక్యమూ తప్పే.