గూడు కట్టని సాలీడు

సందేహం: మన్ననూరు దగ్గర అడవిలో ఎండుటాకుల మీద బూడిదరంగు సాలీడు ఒకటి సర్రున ఉరకడం చూశాను. వెనక తెల్లటి ఉండను మోసుకుపోతోంది. చుట్టుపక్కల గూడు లేదు. గూడు అల్లని దాన్ని సాలీడు అనవచ్చా? కీటకం కాదు కాబట్టి 'సాలెపురుగు' అనడమే తప్పంటారు మా తోటి మాస్టారు. ఒకచోట 'తోడేలు సాలీడు' అని చదివాను. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయుడు, అచ్చంపేట

సమాధానం: మీ ప్రశ్నకు జవాబు ఆ తెల్ల ఉండలోనే ఉంది. అది గుడ్ల సంచి. తన ఒంట్లోంచి తీసిన దారంతోనే దాన్ని అల్లి, దారం వెలువడే వెనక కొసకు అంటించుకుని తిరుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాక కొన్నాళ్ళు తల్లి వీపు మీదే ఉంటాయి. శాస్త్రజ్ఞులు లైకోసిడే అనే కుటుంబం ఇది. గుడ్ల సంచిని నోట కరుచుకుని మోసేవి వేరే ఉన్నాయి. రాలిన ఆకులు, రాళ్ళ సందులు వీటి తావు. రాత్రి టార్చిని కంటి పక్కన పట్టుకుని ఆకుల మీద వేయండి, కళ్ళు మెరుస్తాయి. ముందు వరసలో నాలుగు చిన్న కళ్ళు, వాటి పైన రెండు పెద్దవి, వెనక ఇంకో రెండు కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

గూడు కట్టకపోయినా నేత మానలేదన్నమాట. సాలీడు అన్న పేరు గూటిని బట్టి రాలేదు, నేతను బట్టి వచ్చింది. సాలె అంటే నేతపని వారు. సాలెవాడే సాలీడు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల మగ్గాల మధ్య బతికే మనకు ఈ మాట విప్పి చెప్పాల్సి రావడం బాధగా ఉంది. నారాయణపేట దాటి కర్ణాటకలో అడుగుపెట్టండి, అక్కడ సాలీడును 'జేడ' అంటారు. జేడ అన్నా నేతగాడే. వచనాలు చెప్పిన శివభక్తుడు జేడర దాసిమయ్య మగ్గం నేసినవాడు. మన జాండ్రవారి పేరూ ఆ మాటకు చుట్టమే. సంస్కృతానికి వెళ్తే అమరకోశం లూత, ఊర్ణనాభం, మర్కటకంతో పాటు 'తంతువాయం' అనీ చెప్పింది. తంతువాయుడు అంటే మళ్ళీ సాలెవాడే! మూడు భాషలూ ఈ ప్రాణి చేతిలో దారాన్నే చూశాయి. కాళ్ళ లెక్కా చూడలేదు, వేట తీరూ చూడలేదు.

లూత అనగానే నాకు ధూర్జటి గుర్తొస్తాడు. 'ఏ వేదంబు పఠించె లూత' అని అడిగిన కవి ఆయన. శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' ఈ సాలీడే. దారంతో శివుడికి గుడి కట్టింది. ఆ పద్యంలోనే పాము, ఏనుగు, చెంచు వరసగా వస్తాయి. మీ అమ్రాబాద్ చెంచుల పక్కన నిలబడి ఆ పద్యం ఒకసారి పైకి చదవండి. చదువు రాని ప్రాణులకు అంత గౌరవం ఇచ్చిన శతకం పిల్లలకు చెప్పకుండా 'స్పైడర్' అని నేర్పుతున్నాం. గూడు అనే చక్కని మాట వదిలి 'వెబ్' అంటున్నాం. ఇది మానాలి.

ఇక మీ మాస్టారి అభ్యంతరం. కీటకం అన్న మాటను శాస్త్రం ఆరు కాళ్ళకు కట్టేసింది, మంచిదే. పురుగును ఎవరూ కట్టలేదు. రాత్రిపూట పామును కూడా పేరు పెట్టి పిలవక 'పురుగు' అనే ఊళ్ళు మనవి. ఎనిమిది కాళ్ళున్నాయని సాలెపురుగును దిద్దడం అనవసరం.

'తోడేలు సాలీడు' మక్కీకి మక్కీ అనువాదం. గ్రీకులో లైకోస్ అంటే తోడేలు, అక్కడినుంచి వచ్చింది. తోడేళ్ళు గుంపుగా వేటాడతాయి, ఇది ఒంటరిగా వేటాడుతుంది. పాఠ్యపుస్తకంలో ఉంటే ఉండనివ్వండి. నేనైతే 'వేట సాలీడు' అంటాను. కాకపోతే గోడ మీద ఈగ మీదికి దూకే చిన్న సాలీడూ వేటగత్తెయే కాబట్టి, ఆ పేరు దీనికొక్కదానికే చెందుతుందని పట్టుబట్టను. మామూలు మాటల్లో సాలీడు, సాలెపురుగు రెండూ సరే. విడిగా చెప్పాల్సి వస్తే 'ఆకుల మీద ఉరికే సాలీడు' అన్నా తప్పులేదు.