బటన్ బ్లాక్‌లో సెల్ఫ్ ఎవరు?

తమ్ముడూ,

రూబీ భాషలో, తెరమీద బటన్లు పెట్టే టీకే లైబ్రరీతో నువ్వు రాసిన ఉల్లి తూకాల ప్రోగ్రాం చూసినాను. బస్తాలు, క్వింటాలు ధర కొట్టి బటన్ నొక్కితే మొత్తం రావాల. కర్నూలు యార్డులో పనికొచ్చేదే. క్లాస్ లేకుండా రాసినప్పుడు నడిచింది, క్లాస్‌లో పెట్టగానే ‘లెక్క’ మెథడ్ లేదని ఎర్రర్. మెథడ్ ఉంది, నువ్వు అడిగింది వేరే ఆబ్జెక్టును.

రూబీలో ముందు ఏ ఆబ్జెక్టూ పెట్టకుండా మెథడ్‌ను పిలిస్తే ఆ పిలుపు సెల్ఫ్‌కు, అంటే ఆ చోట ‘నేను’ అనే ఆబ్జెక్టుకు, పోతుంది. ఈచ్, టైమ్స్ లాంటి మెథడ్‌లకు ఇచ్చే బ్లాకులు, అంటే మెథడ్‌కు అప్పజెప్పే కోడ్ ముక్కలు, సెల్ఫ్‌ను ముట్టుకోవు. బటన్‌ను చేసే టీకేబటన్ డాట్ న్యూకు ఇచ్చే బ్లాక్ అట్ల కాదు. లైబ్రరీ దాన్ని ఇన్‌స్టన్స్ ఎగ్జెక్‌తో, అంటే బటన్‌నే సెల్ఫ్ చేసి, నడుపుతుంది, కాబట్టి లోపల సెల్ఫ్ అంటే బటనే. టెక్స్ట్, ప్యాక్ అని అక్కడ ఉత్తగా రాస్తే పనిచేసేది అందుకే. మొదట నీ ప్రోగ్రాం నడిచిందంటే, క్లాస్ బయట డెఫ్‌తో రాసిన మెథడ్, అన్నిటికీ మూలమైన ‘ఆబ్జెక్ట్’ క్లాస్‌కు ప్రైవేట్ మెథడ్ (ముందు వేరే ఆబ్జెక్టు పెట్టి పిలవలేనిది) అవుతుంది కాబట్టి. అది బటన్‌కు కూడా ఉంటుంది. అదృష్టం, అంతే.

లోకల్ వేరియబుల్స్ మాత్రం బ్లాక్ రాసిన చోటివే కనిపిస్తాయి. ముందు అట్ గుర్తు ఉండే వేరియబుల్స్, అంటే ఆబ్జెక్టు తనలో దాచుకునేవి, సెల్ఫ్ వెంట పోతాయి. బ్లాక్‌లో అట్-మొత్తానికి ప్లస్ ఈక్వల్ పెడితే నిల్‌కు (ఏ విలువా లేనిదానికి) ప్లస్ లేదంటుంది. ఆ ఎర్రర్ మంచిదే, కనీసం కనపడుతుంది. బ్లాక్‌లో అట్-ధరకు విలువ పెడితే ఏ ఎర్రరూ రాదు. విలువ బటన్‌లో పడి ఉంటుంది, నీ క్లాస్‌లో చూస్తే నిల్. ఇంకా చెడ్డది అట్-పాత్. టీకే విడ్జెట్ (బటన్ లాంటి తెరమీది వస్తువు) తన చిరునామాను ఆ పేరుతోనే దాచుకుంటుంది. నీ ఫైల్ దారిని బ్లాక్‌లో ఆ పేరుకు రాసినావంటే బటన్ ఇంక మాట వినదు. నీ మెథడ్‌కు ఫోకస్, డిస్ట్రాయ్ అని పేరు పెట్టినా ఇదే తంటా, బ్లాక్‌లో పలికేది బటన్‌దే.

సెల్ఫ్ ఏ క్లాస్‌దో చూడను మూడు చోట్ల ‘పీ సెల్ఫ్ డాట్ క్లాస్’ రాయి: బటన్ చేసే లైనుకు పైన, బటన్ బ్లాక్‌లో, దాని లోపల, నొక్కినప్పుడు నడిచే కమాండ్ బ్లాక్‌లో. మొదటిది నీ క్లాస్ పేరు చూపుతుంది, తక్కిన రెండూ బటన్‌వి.

నేనైతే బటన్‌కు బ్లాకే ఇయ్యను. టెక్స్ట్, కమాండ్ రెండూ హ్యాష్‌గా (పేరు-విలువ జతలుగా) న్యూకే ఇస్తాను. కమాండ్‌కు ప్రాక్‌లో, అంటే దాచి పెట్టుకొని తర్వాత నడిపే బ్లాక్‌లో, ‘లెక్క’ను పిలుస్తాను. ఆ ప్రాక్ పుట్టింది నీ మెథడ్‌లో, సెల్ఫ్ నీ క్లాస్‌దే. బ్లాకే కావాలంటే ప్రాక్‌ను బయట లోకల్ వేరియబుల్‌లో పెట్టుకొని లోపల ఆ పేరు ఇయ్యి. ‘నేను ఈక్వల్ సెల్ఫ్’ అని బయట రాసి లోపల ‘నేను డాట్ లెక్క’ అనడం కూడా నడుస్తుంది, కానీ ‘లెక్క’ ప్రైవేట్ అయితే నోమెథడ్ఎర్రర్ వస్తుంది.

ఒకటి కలగలపొద్దు: డెఫ్ బ్లాక్ కాదు. బయటి లోకల్ వేరియబుల్ డెఫ్ లోపల కనిపించదు, ఆర్గ్యుమెంట్‌గా పంపాల్సిందే.

వేరే కంప్యూటర్లో పెట్టేటప్పుడు టీకే జెమ్ (రూబీ ప్యాకేజీ) విడిగా వేసుకో, రూబీ 2.4 నుంచి అది రూబీతో రాదు. మార్చి పంపేటప్పుడు కన్సోల్‌లో వచ్చిన ఆ మూడు లైన్లూ పంపు.

మీ అన్న