తెలుగు సంఘం కూచిపూడి బృందాన్ని అమెరికాకు పిలవాలంటే: పి-3 వీసా సంగతులు

ప్రశ్న ఇది: అమెరికాలోని ఒక తెలుగు సంఘం ఉగాదికి కృష్ణా జిల్లా నుంచి పన్నెండు మంది కూచిపూడి బృందాన్ని పిలిచి, పారితోషికం ఇచ్చి, మూడు నాలుగు ఊళ్లలో ప్రదర్శనలు పెట్టాలనుకుంటోంది. విజిటర్ వీసా సరిపోతుందా, సంఘమే స్పాన్సర్ చెయ్యాలా, చేస్తే ఏమేం కావాలి?

విజిటర్ వీసా సరిపోదు. ‘డబ్బులేమీ ఇవ్వం, టికెట్లు, భోజనాలు మాత్రమే’ అని ఉత్తరం రాసినా సరిపోదు. విజిటర్ వీసా (బి-2) మీద ఔత్సాహికులు ప్రదర్శన ఇవ్వొచ్చన్న మాట నిజమే. కానీ మామూలుగా పారితోషికం తీసుకునే కళాకారుడు ఈసారికి ఉచితంగా ఆడతానన్నా ఔత్సాహికుడు కాడని కాన్సులేట్ అధికారులు చూసుకునే మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాలు అడుగుతారు. టికెట్టు రేట్లతో వేసిన పాత పోస్టర్లు అక్కడే దొరుకుతాయి.

మీకు సరిపడేది పి-3. ఒక జాతికో ప్రాంతానికో ప్రత్యేకమైన కళను ప్రదర్శించడానికి, నేర్పడానికి వచ్చేవాళ్ల కోసం పెట్టిన వర్గం అది. కళాకారులకు వేరే వర్గాలూ ఉన్నాయి. ఓ-1బి వ్యక్తి ప్రతిష్ఠను చూస్తుంది. పి-1బికి బృందం అంతర్జాతీయంగా పేరున్నదై ఉండాలి, సభ్యుల్లో 75 శాతం మంది కనీసం ఏడాదిగా ఆ బృందంలో ఉండాలి. పి-3లో కళాకారుడు ఎంత గొప్పవాడన్నది రెండో సంగతి. ఆ కళ అసలుదేనా, మీరు పెట్టే ప్రతి కార్యక్రమమూ ఆ కళదేనా అన్నదే మొదటి సంగతి. ‘పద్మశ్రీ వచ్చింది చాలదా’ అని సన్మానపత్రాలు గుట్టగా పంపేవాళ్లు ఇక్కడే తప్పుదారి పడతారు.

వీసాకు ముందు అమెరికా వలస సేవల శాఖ యూఎస్‌సీఐఎస్ దగ్గర పిటిషన్ వేసి ఆమోదం తెచ్చుకోవాలి. అది ఎవరు వెయ్యాలో ముందు తేల్చుకోండి. మీ సంఘం యజమానిగా వేస్తే అది మీ కార్యక్రమాలకే పనికొస్తుంది. పక్క రాష్ట్రం సంఘంవాళ్లు అదే బృందాన్ని తమ డబ్బుతో పెట్టుకుంటే వాళ్లు వేరే పిటిషన్ వెయ్యాలి. అందుకే మూడు నాలుగు ఊళ్లున్నప్పుడు ఒక సంఘం ఏజెంటుగా నిలబడి, మిగతా సంఘాల ఒప్పందాలు, తేదీలు, హాళ్ల చిరునామాలు అన్నీ ఒకే ఐటినరరీలో, అంటే కార్యక్రమాల పట్టికలో, చేర్చి వెయ్యడం మేలు. ఆమోదం వచ్చాక అదే గడువులో అలాంటి ప్రదర్శనే ఇంకొకటి కలిస్తే పిటిషన్ సవరించనక్కర్లేదు. ఈ వెసులుబాటు చాలామందికి తెలియక మళ్లీ ఫీజు కడుతుంటారు. రిహార్సళ్లు, వర్క్‌షాపులు కూడా ఐటినరరీలో తేదీలతో రాయండి. రెండు ప్రదర్శనల మధ్య నెల రోజులు ఖాళీ చూపిస్తే ఆ నెలంతా ఏం చేస్తారని ప్రశ్న వస్తుంది.

పిటిషన్‌కు కావాల్సింది ఫారం ఐ-129, దానికి ఓ, పి వర్గాల సప్లిమెంట్. ఒక పిటిషన్‌లో 25 మంది పేర్ల దాకా పడతాయి కాబట్టి మీ వేదిక మీది కళాకారులందరికీ ఒకటే చాలు. ఎవరు దేని కింద వస్తారో మాత్రం జాగ్రత్త. నర్తకులు, నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు అంతా పి-3 కళాకారులే. మేకప్, లైట్లు, సౌండ్ చూసేవాళ్లు సహాయక సిబ్బంది, అంటే పి-3ఎస్. వాళ్లకు వేరే పిటిషన్, వేరే ఫీజు. డబ్బు కలిసొస్తుందని మేకప్ మనిషిని తాళం వాయించేవాడిగా రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. పి-3ఎస్‌కి, ఆ పని అమెరికాలో ఎవరితోనో సులువుగా చేయించుకోలేమని చూపాలి. జడ, కిరీటం, భుజకీర్తులతో ఆహార్యం చేసేవారి విషయంలో అది సులువు. లైట్ల మనిషి విషయంలో కష్టం. నా సలహా అడిగితే లైట్లకు అక్కడివాళ్లనే పెట్టుకోండి.

అసలు బరువంతా సాక్ష్యాల మీదే. కళ ప్రామాణికతకు నిపుణుల ఉత్తరాలో, పత్రికల్లో వచ్చిన సమీక్షలో ఉండాలి. దాంతోపాటు ప్రతి కార్యక్రమమూ ఆ కళదేనని చూపే కాగితాలు తప్పనిసరి. ఉత్తరం రాసేవారు తమ అర్హత ఏమిటో, ఈ బృందం గురించి ఎలా తెలుసో, వీళ్లు ఎవరి దగ్గర ఎన్నేళ్లు నేర్చుకున్నారో రాయాలి. కూచిపూడి మరో నృత్యంలా ఎందుకు కాదో కూడా చెప్పాలి: కలాపాల సంప్రదాయం, నర్తకుడే సంభాషణ పలికే వాచికాభినయం, పురుషులు స్త్రీ వేషం కట్టడం, పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం. విశ్వవిద్యాలయాల నృత్య శాఖల అధ్యాపకులు, సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందినవాళ్లు రాస్తే విలువ ఎక్కువ. వాద్యకారులకు ఆకాశవాణి గ్రేడు పత్రం చక్కగా పనికొస్తుంది. ఒకే మూస ఉత్తరం మీద నలుగురితో సంతకాలు పెట్టించి పంపితే నాలుగూ కలిపి ఒక ఉత్తరం విలువ కూడా చెయ్యవు.

తెలుగు పత్రికల కటింగులు అలాగే జత చెయ్యకండి. ప్రతిదానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం ఉండాలి, అది సంపూర్ణమూ సరైనదీ అని, తనకు రెండు భాషలూ వచ్చని అనువాదకుడు సంతకం చేసి ఇవ్వాలి. శీర్షిక ఒక్కటి అనువదిస్తే ఆ కటింగును లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

ఇక సినిమా పాటల తలనొప్పి. మొదటి గంట కూచిపూడి, తర్వాత సినిమా పాటలకు స్టెప్పులు, చివర్లో డీజే అని ఫ్లయర్ వేసి దాన్నే పిటిషన్‌కు జత చేసే సంఘాలున్నాయి. చట్టం అడిగేది ‘అన్ని ప్రదర్శనలూ’ అని. సాయంత్రంలో సగం వేరేదైతే అదనపు సాక్ష్యం పంపమనే నోటీసు, అంటే ఆర్‌ఎఫ్‌ఈ, ఖాయం. సినిమా విభావరికి స్థానిక గాయకులను పెట్టుకుని, ఈ బృందం వేదికను, సమయాన్ని విడిగా చూపండి. కొత్తదనం ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. ప్రత్యేక కళ అంటే పాతకాలపు సంప్రదాయమే కానక్కర్లేదని, రెండు సంస్కృతుల మేళవింపు కూడా కావచ్చని 2012లో స్కిర్‌బాల్ కల్చరల్ సెంటర్ కేసులో తేల్చారు. కూచిపూడికి కొత్త ఇతివృత్తం తీసుకున్నా దాని పుట్టుక ఎక్కడిదో నిపుణుడి ఉత్తరం వివరించాలి, అంతే.

పిటిషన్‌తో కార్మిక సంఘం అభిప్రాయ పత్రం కూడా ఉండాలి. నర్తకులకు అమెరికన్ గిల్డ్ ఆఫ్ మ్యూజికల్ ఆర్టిస్ట్స్, వాద్యకారులకు అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యూజీషియన్స్. మీ బృందంలో ఇద్దరూ ఉన్నారు కనుక రెండు చోట్లా అడగండి. వాళ్ల ఫీజులు వేరు. వాళ్ల అభిప్రాయం సలహా మాత్రమే, తుది నిర్ణయం యూఎస్‌సీఐఎస్‌ది. ఒప్పందంలో పారితోషికం, బస, ప్రయాణం, ఎవరు ఏది భరిస్తారో రాయండి. గడువు తీరకముందే మీరే కళాకారుణ్ని పనిలోంచి తీసేస్తే తిరుగు ప్రయాణం ఖర్చు మీ మీదే పడుతుంది.

ఫీజుల సంగతికొస్తే, 2024 ఏప్రిల్ 1 నుంచి పి వర్గం ఐ-129కి 1,015 డాలర్లు, దానిపైన 600 డాలర్ల అసైలం ప్రోగ్రాం ఫీజు. లాభాపేక్ష లేని సంస్థకు ఇవి 510, సున్నా. లాభాపేక్ష లేని సంస్థగా 501(సి)(3) గుర్తింపు తెలిపే అమెరికా పన్నుల శాఖ (ఐఆర్‌ఎస్) ఉత్తరం జత చెయ్యడం మరిచిపోతే ఈ తగ్గింపు దక్కదు. త్వరగా తేల్చే ప్రీమియం ప్రాసెసింగ్ 2026 మార్చి 1 నుంచి 2,965 డాలర్లు అయింది. ఇవన్నీ మారుతుంటాయి కాబట్టి వేసే రోజున జి-1055 ఫీజుల పట్టిక చూడండి. ప్రీమియం గడువు 15 పని దినాలు, ఆర్‌ఎఫ్‌ఈ వస్తే మళ్లీ మొదటినుంచి లెక్క. 2025 అక్టోబరు 28 తర్వాత పేపర్ చెక్కులు తీసుకోవడం లేదు. కార్డుకైతే జి-1450, బ్యాంకు ఖాతా నుంచైతే జి-1650. కోశాధికారి చెక్కు రాసి పంపితే మొత్తం కట్ట తిరిగొస్తుంది.

కార్యక్రమానికి ఏడాది కంటే ముందు పిటిషన్ వెయ్యనివ్వరు. ఉగాది కార్యక్రమానికి వినాయక చవితికల్లా ఉత్తరాలు అడగడం మొదలుపెట్టి, దీపావళి దాటకుండా పిటిషన్ వేస్తే కాన్సులేట్‌కు ఊపిరి తీసుకునే సమయం మిగులుతుంది.

పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాయాలి. మనవాళ్లలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు ఎక్కువ. అలాంటప్పుడు ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది, సొంత పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఆమోదపత్రంలో ఒకలా, డీఎస్-160లో ఒకలా ఉంటే పని ఆగుతుంది. వీలైతే ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోమనండి.

వీసా ఫీజు మనిషికి 205 డాలర్లు. ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. ఆమోదపత్రం ఉన్నా, అర్హత నిరూపించుకోలేదని 214(బి) సెక్షన్ కింద తిరస్కరించే అధికారం వాళ్లకుంది. ఏ ఊళ్లో ఏ తేదీన ఆడతారో, ఎవరు డబ్బిస్తారో, గురువు ఎవరో ప్రతి సభ్యుడూ సొంతంగా చెప్పగలగాలి. అన్నింటికీ ‘మేనేజర్‌గారికి తెలుసు’ అనే జవాబు పనికిరాదు. ఒకరికి వీసా రాకపోతే, ఆమోదపత్రం నకలుతో ఉత్తరం ఇచ్చి కాన్సులేట్‌లోనే వేరే కళాకారుణ్ని మార్చుకోవచ్చు. సహాయక సిబ్బందికి ఆ అవకాశం లేదు. పిటిషన్ గడువు మొదలవడానికి పది రోజుల ముందు దిగొచ్చు, ముగిశాక పది రోజులు ఉండొచ్చు. ఆ రోజుల్లో ప్రదర్శన మాత్రం ఇవ్వకూడదు. సామాను సర్దేటప్పుడు కృష్ణుడి కిరీటానికి అసలు నెమలి ఈక పెట్టకండి, దాని ఎగుమతి మీద నిషేధం ఉంది. పాత వీణకు దంతం పని ఉంటే అది ఇంట్లోనే ఉండటం మంచిది.

చివరగా పన్ను. ‘రూపాయల్లో ఇండియా ఖాతాకే వేస్తాం’ అన్నా ప్రదర్శన జరిగింది అమెరికాలో కాబట్టి అది అమెరికా ఆదాయమే. సాధారణంగా 30 శాతం పట్టుకుని సంఘమే కట్టాలి. రెండు దేశాల ఒప్పందంలోని 18వ అధికరణం కింద ఏడాదికి 1,500 డాలర్ల దాకా మినహాయింపు ఉంది. ఆ 1,500ను లెక్కించేది కళాకారుడు ప్రయాణానికి, ప్రదర్శనకు పెట్టుకున్న ఖర్చులు పోగా మిగిలిన నికర ఆదాయం మీద. పన్ను ముందే తగ్గించుకునే సెంట్రల్ విత్‌హోల్డింగ్ ఒప్పందానికి మొదటి ప్రదర్శనకు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చెయ్యాలి. తర్వాతి ఏడాది మార్చి 15లోగా, పట్టుకున్న పన్ను లెక్క చూపే ఫారం 1042, ప్రతి కళాకారుడి పేరునా 1042-ఎస్ ఐఆర్‌ఎస్‌కు వెయ్యాలి. ఉగాది హడావుడి అయ్యాక కమిటీ మారిపోతుంది కాబట్టి ఈ పని ఎవరిదో ముందే మినిట్స్‌లో రాసుకోండి.