ల్యాబ్ రిపోర్టులు బ్లాక్‌చెయిన్‌లో పెడితే సేఫేనా?

ప్రశ్న: మారతహళ్లిలో ఓ చిన్న ల్యాబ్‌లో పనిచేస్తున్నానండి, మొన్న ఎవరో సిస్టమ్‌లో పాత రిపోర్టు తేదీ మార్చేశారు, ఎవరో తేలలేదు. బ్లాక్‌చెయిన్ పెడితే ఇక భయం లేదంటున్నారు, నిజమేనా?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: సగం నిజమేనమ్మా. ప్రతి రిపోర్టుకీ ఎస్‌హెచ్‌ఏ-256 అనే కంప్యూటర్ లెక్కతో ఒక హ్యాష్ వస్తుంది, వేలిముద్ర లాంటిదనుకోండి, ఒక్క అంకె మార్చినా అది పూర్తిగా మారిపోతుంది. ఇలాంటి రికార్డుల్ని బ్లాకులనే మూటలుగా కట్టి ఒకదాని వెనక ఒకటి గొలుసులా పేరుస్తారు, అదే బ్లాక్‌చెయిన్. ప్రతి బ్లాకులో దాని ముందు బ్లాకు హ్యాష్ కూడా ఉంటుంది కాబట్టి పాతది కెలికితే ఆ తర్వాతి గొలుసంతా పొసగదు, పైగా కాపీలు చాలా కంప్యూటర్లలో ఉంటాయి కదా, ఇట్టే దొరికిపోతారు. 2009 నుంచి బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు నడుస్తోంది ఇలాగే.

కానీ మీ ల్యాబ్ సర్వర్ ఒక్కదాంట్లోనే పెడితే లాభం లేదు, మొత్తం మళ్లీ రాసేయొచ్చు. ఇంకోటి, ఇది మార్పుని పట్టిస్తుందే గానీ గుట్టు దాచదు. పేషెంట్ పేరు, షుగర్ రీడింగు అందులో అస్సలు ఎక్కించొద్దు, ఎక్కాక తీయడం మహా కష్టం, 2023 డేటా రక్షణ చట్టంలో తుడిపించుకునే హక్కు ఉంది మరి. రిపోర్టు ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లాంటి కోడ్ లేనివాళ్లు చదవలేకుండా మార్చి, మీ దగ్గరే ఉంచి హ్యాష్ మాత్రం గొలుసులో వేయించండి. అన్నిటికంటే ముందు, అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే మాత్రం రేపే ఆపించండమ్మా, అలా వాడితే ఎవరు మార్చారో ఎప్పటికీ తేలదు.